వట్టి చేతుల నడక

నగరి నేత వీధిలో తెల్లారీ తెల్లారకముందే ఒక మగవాడు కండువా నడుముకు బిగించి, చేత ఏమీ లేకుండా, ఎవరి గడపా తొక్కకుండా నడిచిపోతున్నాడంటే దానికి ఒకే ఒక్క అర్థం. ఎవరో పోయారు. చావు కబురు మోసేవాడు చేత బరువు పట్టకూడదు, దారిలో కూర్చోకూడదు, మంచినీళ్లు ముట్టకూడదు. కబురందిన ఇంట్లో మగ్గం ఆగాలి. చేత్తో నేసే గుంత మగ్గాల నాటి కట్టుబాటు అది. ఇప్పుడు వీధి నిండా కరెంటు మగ్గాలు దిగాయి, పక్కమనిషి చెవిలో అరిచినా వినపడదు, పాత ఆచారాలు ఒక్కొక్కటే అటకెక్కాయి. ఈ ఒక్కదాన్ని మాత్రం ఎవరూ దాటలేదు.

చెంగయ్యకు ఇది తెలియక కాదు. ఆ వీధిలో పుట్టి, ఆ వీధిలోనే గుంతలో కాళ్లు దింపి, యాభై దాటినవాడు. కానీ నొప్పి పడేవాడికి నొప్పి తప్ప ఇంకేం గుర్తుంటుంది? నడుముకు కాస్త ఆసరాగా ఉంటుందని కండువా తీసి బొడ్డు చుట్టూ బిగించి కట్టుకున్నాడు. డాక్టరమ్మ చేతుల్లో ఏమీ పట్టుకోవద్దంది కాబట్టి చేతులు వేలాడేసి వీధిలోకి దిగాడు.

ఆ డాక్టరమ్మ మాట కూడా చెప్పుకోవాలి. చెంగయ్య కొన్నాళ్లుగా గుంతలో కూర్చోలేడు, కూర్చుంటే లేవలేడు. పుత్తూరు కట్టుకు పోతే, ఎముక విరిగితే కట్టు గానీ నీ ఎముకలు నిక్షేపంగా ఉన్నాయని వాళ్లే పంపేశారు. చివరికి భార్య తిరుమలమ్మను వెంటబెట్టుకుని తిరుపతి బస్సెక్కాడు. అక్కడ చూసిన డాక్టరమ్మ చిన్నపిల్ల. వీపు మీద వేళ్లతో నొక్కి, కాళ్లు లేపించి, వంగమని, లేవమని అన్నీ చూసింది.

"మంచం పట్టొద్దు పెద్దాయనా. నడువు," అంది. "మెల్లగా, చదును నేల మీద, చేతుల్లో బరువు లేకుండా. పరుగులొద్దు, కొండలెక్కొద్దు. నొప్పి ఎక్కువైతే ఆగు, సర్దుకుంటే కదులు. పని మధ్యలో కూడా అప్పుడప్పుడూ గుంతలోంచి లేచి నాలుగడుగులు వెయ్యి. కాలు మొద్దుబారితే మాత్రం ఆలస్యం చెయ్యకుండా రా."

"యాడికి నడవాలమ్మా?"

"ఎక్కడికీ కాదు. ఊరికే నడవాలి."

"మరి మగ్గం?"

"నడుము నిలబడితే మగ్గం ఎక్కడికీ పోదు. కదలకుండా ఇట్లాగే కూర్చున్నావంటే మాత్రం ఆ గుంత పూడ్చుకోవాల్సిందే."

ఆ మాట చెంగయ్య గుండెలో దిగబడిపోయింది. వీధిలో మిగిలిన కాసిని గుంత మగ్గాల్లో ఆయనదొకటి. అది ఆగితే ఎదురింటి సుబ్రమణ్యం షెడ్డులో కరెంటు మగ్గాల మధ్య నిలబడి తెగిన పోగులు కట్టుకోవాలి. అది తక్కువ పనేమీ కాదు. కానీ అక్కడ బట్ట తనంతట తానే నేసుకుంటుంది, మనిషి దానికి కాపలా. చిన్నప్పటినుంచీ పోగు పోగునూ చేత్తో కొట్టి నేసినవాడికి ఆ ఊహే మింగుడుపడలేదు. నడవమంటే నడుస్తా, నా మగ్గం నాకుంటే చాలు అనుకున్నాడు.

ఆ పొద్దున తన ఇంటి అరుగు మీద గొంతుక్కూర్చుని వేపపుల్ల నములుతున్న సుబ్రమణ్యం, చెంగయ్యను, ఆయన నడుముకున్న కండువాను చూసి పుల్ల ఉమ్మేసి లేచి నిలబడ్డాడు.

"ఎవురప్పా?" అన్నాడు.

చెంగయ్యకు సరిగ్గా అప్పుడే తుంటి దగ్గర చురుక్కుమంది. పళ్లు బిగబట్టి, వచ్చేటప్పుడు చెప్తాలే అన్నట్టు చెయ్యెత్తి ముందుకు పోయాడు. దుఃఖంతో నోరు పెగల్లేదనుకున్నాడు సుబ్రమణ్యం. పాపం, మంచివాడు. లోపలికి పోయి స్విచ్చి దించేశాడు.

సుబ్రమణ్యం షెడ్డు ఆగితే పక్కవాళ్లు తొంగి చూడరా? చూశారు. నడుముకు కండువాతో చెంగయ్య కనిపించాడు. వాళ్లూ ఆపేశారు. ఆయన ఒక్కో ఇల్లు దాటుతుంటే ఒక్కో ఇంటి చప్పుడు ఆగిపోతూ వచ్చింది. కరెంటు పోయింది కాబోలనుకున్నాడు చెంగయ్య. వీధి చివరికి చేరేసరికి ఒక్క మగ్గమూ ఆడటం లేదు. ఏకాంబరకుప్పం స్టేషన్లో రైలు కూసింది. ఎవరి చూరులోనో పిచ్చుకలు కొట్లాడుకుంటున్నాయి. తన చెప్పుల చప్పుడు తన చెవిన పడి ఎన్నేళ్లయిందో! నొప్పి కూడా మరిచిపోయి నిలబడి విన్నాడు. ఇంత నిశ్శబ్దం మన వీధిలోనే ఉందా అని ఆశ్చర్యపోయాడు.

అప్పుడు వెనక్కి తిరిగాడు. వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి ఉంది. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని ఒక ఇంటివైపు పరుగెడుతున్నారు. ఆ ఇల్లు తనదే.

ఎప్పుడూ కబురు మోసే మనిషిని కూడా పిలవకుండా చెంగయ్యే మోశాడు గనుక పోయింది ఆయన ఇంటి మనిషే కావాలి. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. లెక్క సులువు. సుబ్రమణ్యం భార్య చంద్రకాంతమ్మ అందరికంటే ముందు చేరుకుని, "తిరుమలమ్మక్కా, ఒక్క మాటన్నా సెప్పకుండా పోతివే," అని గుమ్మంలోనే శోకం ఎత్తుకుంది. లోపల కసువు ఊడుస్తున్న తిరుమలమ్మ చీపురుతో సహా పరుగెత్తుకొచ్చి, "ఎవురే? ఎవురు పోయినారే?" అని తనూ ఏడుపందుకోబోయింది. ఆమెను చూసి చంద్రకాంతమ్మ పెట్టిన కేక మాత్రం నిజంగానే చావు కేకలా ఉంది.

మధ్యాహ్నం గురప్ప వచ్చాడు. ఆ వీధికి చావు కబురు మోసేది తాతల నాటి నుంచీ వాళ్ల ఇంటి పని. ముసలివాడే అయినా మనిషి నిటారు. చెంగయ్య మంచం పట్టె దగ్గర నిలబడ్డాడు గానీ కూర్చోలేదు.

"ఏమప్పా, నేనింకా బతికే ఉండాను గదా. నా పని నువ్వెందుకు నెత్తినేసుకున్నావు?"

"సంపొద్దు మామా. నడుం నొప్పికని నడిచినా. ఇట్లయితాదని అనుకుంటినా?"

"ఇంగేం జేస్తావు?"

"ఏముండాది జేసేదానికి? రేపట్నించి వీధి మొగం సూడను. ఇంట్లోనే ఈ గోడకీ ఆ గోడకీ నడుసుకుంటా."

"గానుగెద్దు మాదిరా?" అన్నాడు గురప్ప. మగ్గం వైపు తిరిగాడు. అంచు దగ్గర కొసరుగా నేసి ఆపేసిన బట్ట అట్లాగే బిగిసి ఉంది. దాని మీద సన్నగా దుమ్ము పట్టింది. ముసలాయన వంగి ఊదాడు. దుమ్ము లేచింది.

"తెల్లారి నడువు. వీధి సంగతి నేను సూసుకుంటా," అని పోయాడు.

మర్నాడు గురప్ప చేసిన పని ఆ వీధి ఎప్పటికీ మరిచిపోదు. చెంగయ్య కంటే ముందే కండువా నడుముకు కట్టి బయల్దేరాడు. మొదటి గడప ముందు నిలబడి, చావు కబురు చెప్పే గొంతుతోనే, ఒక్క అక్షరం తొందర లేకుండా పలికాడు.

"సుబ్రమణ్యం ఇంటికి కబురు. ఎవురూ సావలేదు. అందురూ బాగుండారు. చెంగయ్య నడుం కోసరం నడస్తాండాడు. మగ్గం నిలపొద్దు."

పక్కింటి ముందు మళ్లీ అదే. ఆ పక్కింటి ముందు మళ్లీ అదే. మొదట్లో కొందరు కిసుక్కున నవ్వారు. తర్వాత నవ్వు రాలేదు. వాళ్ల అమ్మలు పోయినప్పుడు, నాయనలు పోయినప్పుడు, పురిట్లో బిడ్డలు పోయినప్పుడు ఆ గడపల ముందు నిలబడింది ఈ మనిషే, ఈ గొంతే. ఆ గొంతు అందురూ బాగుండారు అని చెప్పడం పుట్టి బుద్ధెరిగాక ఎవరూ వినలేదు. చంద్రకాంతమ్మ తనకు తెలియకుండానే చేతులు జోడించింది. ఆ వెనకే చెంగయ్య నడుస్తున్నాడు. నా పాడు నడుముకు ఇంత మర్యాదా అని సిగ్గుపడ్డాడు, ఆ సిగ్గులోనే వీధి దాటేశాడు.

వీధి దాటాక రైల్వే గేటు, గేటు దాటాక చెరుకు తోటల మధ్య మట్టి దావ, దాని మీద కాలవకు కట్టిన చిన్న మోరీ. డాక్టరమ్మ చెప్పినట్టే నొప్పెడితే ఆగి, తగ్గితే కదిలి, ముసలి ఆవులాగా మోరీ దాకా పోయాడు. పిట్టగోడకు చెయ్యానించి నిలబడ్డాడు. ఎదురుగా నగరి కొండ.

ఆ కొండను ఆయన చూడలేదని కాదు. నగరిలో పుట్టినవాడు కొండను చూడకుండా ఎట్లా ఉంటాడు, కొసన ఆ రాతి ముక్కు మద్రాసు బస్సులో పోయేవాళ్లకు కూడా కనబడుతుంది. కానీ ఆయన తెల్లారేసరికి గుంతలో ఉంటాడు. పొద్దు పొడవడం అంటే ఆయనకు గవాక్షంలోంచి బట్ట మీద పడే జానెడు వెలుతురు. దాన్ని బట్టే అంచు రంగు సరిచూసుకుంటాడు. కొండ మీద పొద్దు పడటం ఆయన ఎప్పుడూ చూడలేదు. మొదట ముక్కు కొసన కుంకుమ రంగు తగిలింది. అది మెల్లగా కిందికి దిగింది. దిగుతుంటే పైన కుంకుమ పోయి నారింజ, నారింజ పోయి పండిన నిమ్మపండు రంగు వచ్చింది. కింద లోయల్లో ఇంకా నెమలికంఠం రంగే ఉంది. ఒక రంగు ఎక్కడ అయిపోయి ఇంకొకటి ఎక్కడ మొదలైందో చెప్పలేని నేత. జీవితమంతా రంగు పక్కన రంగు వేసినవాడు ఆయన. చేతులెత్తి దండం పెట్టాడు. దేవుడికా, కొండకా, ఆ రంగులకా అంటే ఆయన కూడా చెప్పలేడు. రోజూ ఇంత పెద్ద పని మా ఇంటి వెనకాలే జరుగుతుంటే నేను గుంతలో తలొంచుకుని కూర్చున్నానా అని కళ్లలో నీళ్లు తిరిగాయి.

తిరిగి వస్తూ ఇంకో వింత గమనించాడు. మోరీ నుంచి గేటు దాకా ఎక్కడా ఆగలేదు. నొప్పి పోలేదు. కానీ పట్టు వదిలింది, బిగిసిన ముడి నలిపితే కాస్త సడలినట్టు. ఆ రోజు గుంతలో కూర్చుని జానెడు నేశాడు. అడ్డపోగు మోసే నాడె ఆ చేతికీ ఈ చేతికీ పోతుంటే కొత్త పెళ్లికొడుకులా ముసిముసిగా నవ్వుకున్నాడు.

ఇక తిరుమలమ్మకు రోజూ కొండ కబుర్లే. ఆయన గుంతలో కూర్చుంటే ఆమె పక్కనే రాట్నం ముందు కూర్చోవాలి. ఆయన నాడెలో నూలు అయిపోయేలోగా ఆమె ఇంకో కండె చుట్టి అందించాలి. ఆయన నేస్తున్నంతసేపూ ఆమె చుడుతూనే ఉండాలి.

"ఈ పొద్దు మబ్బుండె. అయినా ఎంత సక్కంగుండాదో! ముక్కు ఒకటే అగుపడె," అనేవాడు.

"కొండకి అవతలేముంటాది?" అనేది ఆమె, పోగు మీంచి కన్ను తీయకుండా.

"ఏమో. నేను మోరీ కాడ్నించే తిరుక్కుంటా గదా."

డాక్టరమ్మ మాట ప్రకారం ఆయన మధ్యమధ్యలో గుంతలోంచి లేచి ఇంట్లో నాలుగడుగులు వేసేవాడు. ఆ కాసేపట్లో తిరుమలమ్మ లేచేది కాదు, వెనకబడిన కండెలు చుట్టుకునేది. అట్లా ఒక మధ్యాహ్నం ఆయన గోడవారగా నడుస్తుండగా పొయ్యి మీద సంగటి కుతకుతలాడింది. తిరుమలమ్మ లేచింది. లేచింది అనడం సరికాదు. ఒక చెయ్యి నేలకు, ఒక చెయ్యి గోడకు ఆనించి సగం లేచి, అక్కడే వంగి ఆగింది. ఊపిరి బిగబట్టింది. ఏదో సర్దుకునే దాకా కాచుకుని, ఆ తర్వాత మెల్లగా నిటారయింది. చెంగయ్య కాళ్లు నిలిచిపోయాయి. ఆ వంపు, ఆ ఆగడం, ఆ బిగబట్టిన ఊపిరి ఆయనకు పరిచయమే. అచ్చం తనదే.

"మే, నీకూ నడుమేనా?"

"ఉండాది రోంత," అంది, సంగటి కెలుకుతూ.

"ఎప్పట్నించి?"

"నందిని కడుపులో ఉన్నప్పట్నించి."

కూతురు నందినికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు.

"తిరుపతికి నాతోనే వస్తివి గదా. డాక్టరమ్మకు సెప్పుకోకూడదా?"

"చీటీ నీ పేరున రాయించినావు. ఆయమ్మ నిన్నడిగింది. నన్నెవురడిగినారు?"

కూరలో ఉప్పు చాలలేదని చెప్పినట్టే చెప్పింది, నిష్ఠూరం ఏమీ లేదు. అదే చెంగయ్యను కోసేసింది. తను ఒక్కసారి అమ్మా అంటే పుత్తూరూ తిరుపతీ తిరిగారు, వీధి వీధంతా మగ్గాలు ఆపింది, గురప్ప గడప గడపకూ తిరిగి కబురు చెప్పాడు. ఈమె ఇన్నేళ్లూ పక్కనే మూడడుగుల దూరంలో గోడ పట్టుకుని లేస్తుంటే తన కంటికి కనబడలేదు.

"రేపు నాతో రా," అన్నాడు.

"బాగుండాది. మగోడు నడిస్తేనే సావనిరి. ఆడది తెల్లారే వట్టి చేతుల్తో వీధిలో పోతే ఏమంటారో తెలుసునా? మొగుడితో కొట్లాడి పుట్టింటికి పోతాందంటారు."

"నేను ఎంబడి ఉంటా గదా."

"అప్పుడు మొగుడే తీసకపోయి దిగబెట్టి వస్తాండాడంటారు."

"పోనీ ఒక బిందె సంకనేసుకో. నీళ్లకనుకుంటారు."

తిరుమలమ్మ గరిటె ఆపి మొగుడి మొహం చూసింది. "చేతుల్లో బరువుండకూడదని ఆయమ్మ నీ నడుముకే సెప్పిందా?"



తెల్లారి ఆయన లేవలేదు. "నువ్వు రాకుంటే నేనూ పోను," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. సరసం అనుకుంది తిరుమలమ్మ. ఆ మర్నాడూ అదే. మూడోనాటికి నడుము మళ్లీ మొదటికొచ్చింది. అయినా మొండిగా గుంతలో దిగి, నాలుగు పోగులు కొట్టేసరికి చెమటలు పట్టి, లేవలేక అట్లాగే ఉండిపోయాడు. ఆమె వచ్చి చంకల కింద చేతులేసి లాగింది. ఆయన పైకొచ్చాడు, ఆమె నడుము పట్టేసింది. గుంత అంచున ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. ఒకరు వదిలితే ఇంకొకరు పడతారు. నవ్వొస్తోంది గానీ నవ్వితే నొప్పి.

"నీ మొండితనం తగలెయ్య," అంది ఆమె, ఆయన భుజం మీద. "మగ్గం పోతాదయ్యా."

"పోనీ."

ఆ మాట ఆ నోట వస్తుందని ఆమె అనుకోలేదు. తల ఎత్తి చూసింది. మగ్గం కోసం తిరుపతి దాకా పరుగెత్తిన మనిషి. నిజంగానే అంటున్నాడు.

మరుసటి పొద్దున ఆమే ముందు లేచింది. మొహం కడుక్కుని, కొంగు దోపుకుని, గడప దగ్గర నిలబడి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకదానితో ఒకటి పట్టుకుంది. ఇద్దరూ వీధిలోకి దిగారు. అలవాటు ప్రకారం ఆయన ముందు, నాలుగడుగుల వెనక ఆమె. పెళ్లినాడు ఏడడుగులు వేసినప్పటినుంచీ వాళ్ల నడక అంతే. సంతకైనా జాతరకైనా ఆయనకు ఆమె అడుగుల చప్పుడే తెలుసు.

చంద్రకాంతమ్మ ముగ్గు చిప్పతో లేచి నిలబడింది. "అక్కా, ఇంత పొద్దున్నే యాడికి? పుట్టింటికా?"

తిరుమలమ్మ ఆగింది. ఏదో ఒక పని పేరు చెప్తుందనుకున్నాడు చెంగయ్య, నూలుకనో, గుడికనో.

"పుట్టిల్లు పడిపోయి ఎన్నేండ్లాయె," అంది తిరుమలమ్మ. "యాడికీ లేదు. ఊరకే పోతాండా."

ముగ్గుపిండి చంద్రకాంతమ్మ వేళ్ల సందుల్లోంచి రాలిపోతూ ఉంది.

గేటు దాటి మట్టి దావ పట్టాక చెంగయ్యకు నొప్పి చురుక్కుమంది. మూడు రోజులు మానేసిన ఫలం. చెరుకు గట్టు పక్కన ఆగి నడుము మీద చెయ్యేసుకున్నాడు. తిరుమలమ్మ గమనించలేదు. తల వంచుకుని నడుస్తున్నదల్లా ఆయన్ని దాటి ముందుకు పోయింది.

ఆయన తల ఎత్తి చూశాడు. తన భార్యను వెనక నుంచి చూడటం ఆయనకు ఇదే మొదలు. ముప్ఫై ఏళ్లు వెంట నడిచిన మనిషి ఎట్లా నడుస్తుందో ఆయనకు తెలియదు. కుడి పక్కకు కొంచెం ఒరిగి నడుస్తుంది. రాట్నం తిప్పే భుజం రెండోదానికంటే కిందికి దిగి ఉంది. రవిక కింద వీపు రాట్నం ముందు కూర్చున్న వంపులోనే ఉండిపోయింది, నడుస్తున్నా కూర్చున్నట్టే ఉంది. ఇదంతా నా బట్ట కోసమే అనుకున్నాడు. నేసిన ప్రతి గజంలోనూ ఆ వీపు ఉంది, కొన్నవాళ్లకు తెలియదు సరే, నేసినవాడికీ తెలియలేదు.

పిలవబోయాడు. పిలవలేదు. ఎందుకంటే ఆయన చూస్తుండగానే ఆ వీపు మారింది. ముందు చేతులు విడిపడ్డాయి. కాసేపు ఎటూ కాకుండా వేలాడి, తర్వాత వాటంతట అవే ఊగడం మొదలుపెట్టాయి. దిగిన భుజం కొంచెం లేచింది. మెడ లేచింది. వెన్ను ఒక్కో పూసా ఎవరో లోపల్నించి సర్దుతున్నట్టు, మెల్లమెల్లగా, నిటారయింది. ఎవరూ చెయ్యేసి లేపలేదు, గోడ లేదు, పట్టుకునే కర్ర లేదు. ఉత్త నడక. చెంగయ్య నోరు తెరుచుకుని చూస్తూ నడిచాడు. కొండ మీద ఈపాటికి కుంకుమ పడే ఉంటుంది. ఆయన కొండ వైపు చూడలేదు.

మోరీ దగ్గర తిరుమలమ్మ ఆగింది. ఆయన ఆయాసపడుతూ చేరుకున్నాడు.

"సూడు, అదే కొండ. నేను సెప్పలే?"

ఆమె చూసింది. "బాగుండాది," అంది మనస్ఫూర్తిగా. తర్వాత కొండ పక్కనుంచి చెరుకు తోటల్లోకి వంపు తిరిగి పోతున్న దావను చూసింది.

"ఈ దావ యాడికి పోతాది?"

"నాకేం తెలుసు? నేనీడ్నించే తిరుక్కుంటా. పొద్దెక్కుతాంది, పోదాం పా. కండెలు సుట్టుకోవాల గదా."

తిరుమలమ్మ కదల్లేదు. ముక్కుపుల్ల మీద ఎండ పడింది.

"అమ్మ పంపితే నీళ్లకు పోయినా. నువ్వు పిలిస్తే నీ ఎనకాల వస్తి. బిడ్డ రమ్మంటే కాన్పుకు పోయినా," అంది, తనలో తాను అనుకున్నట్టు. "ఎవురూ పంపకుండా, ఎవురూ పిలవకుండా నేనింత దూరం నడిచింది ఈ పొద్దే. రోంత పోయొస్తా."

అనుమతి అడగలేదు, రమ్మనీ అనలేదు. చేతులూపుకుంటూ మోరీ దాటింది. చెంగయ్య ఒక్కసారి వెనక్కి ఊరి వైపు చూశాడు. అక్కడ మగ్గాలు మొదలయ్యాయి. మళ్లీ ముందుకు తిరిగి, ఆమె వేగం తనది కాదని తెలిసినా, నొప్పి ఉన్నచోట ఆగుతూ, తగ్గినచోట కదులుతూ ఆమె వెనక నడిచాడు. తిరుమలమ్మ వంపు దగ్గర కూడా ఆగలేదు.